రోమా తర్వాత పౌలు ఎక్కడికి వెళ్లాడు? స్పెయిను, క్రేతు, నికొపొలి గురించి ఆధారాలేంటి?

సండేస్కూల్_టీచర్

అందరికీ వందనాలు. మా సంఘంలో పెద్ద పిల్లలకు అపొస్తలుల కార్యములు చెప్పడం పూర్తయింది. చివరి రెండు వచనాలు చదవగానే పదో తరగతి అమ్మాయి ఒకతె "తర్వాత ఏమైంది టీచర్?" అని అడిగింది. పౌలు రోమాలో అద్దె ఇంట్లో రెండేళ్లు ఉన్నాడు, వచ్చినవాళ్లందరికీ ఏ ఆటంకమూ లేకుండా బోధించాడు. అక్కడితో పుస్తకం ఆగిపోతుంది. కైసరు ముందు విచారణ జరిగిందా, విడుదలయ్యాడా, శిక్ష పడిందా, ఒక్క ముక్క కూడా లేదు.

మా పెద్దవాళ్లు "విడుదలై స్పెయిను వెళ్లాడు, మళ్లీ పట్టుబడి నీరో కాలంలో హతసాక్షి అయ్యాడు" అని చెప్పేవారు. ఇందులో వాక్యంలో ఉన్నదెంత, సంప్రదాయంగా వచ్చిందెంత? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి. పిల్లలకు ఊహను నిజంగా చెప్పడం నాకు ఇష్టం లేదు.

కృష్ణాతీరం

టీచర్ గారూ, మీరు విన్న మాటలో రెండు వేర్వేరు ప్రయాణాలు ఉన్నాయి. ఒకటి పడమటికి, అంటే స్పెయినుకు. రెండోది తూర్పుకు, అంటే క్రేతు ద్వీపం, ఎఫెసు, మాసిదోనియ, గ్రీసు పడమటి తీరంలోని నికొపొలి వైపు. దేని ఆధారాలు దానివే. రెంటినీ కలిపేస్తే మాత్రం చర్చ ఎటూ తేలదు.

స్పెయినుకు మొదటి ఆధారం పౌలు సొంత మాటే. సుమారు 57లో కొరింథు నుంచి రోమా సంఘానికి రాస్తూ, 15వ అధ్యాయంలో రెండుసార్లు ఆ ఊసెత్తాడు. స్పెయిను వెళ్తూ దారిలో మిమ్మల్ని చూస్తాను, మీరే నన్ను అక్కడికి సాగనంపాలి అన్నాడు. రోమా ఆయనకు మజిలీ మాత్రమే, గమ్యం ఇంకా అవతల ఉంది.

రెండోది ఒకటో శతాబ్ది చివర రోమా సంఘ నాయకుడైన క్లెమెంటు రాసిందని చెప్పే పత్రిక. రోమా సంఘం నుంచి కొరింథు సంఘానికి, సుమారు 96లో రాసింది. అందులో ఐదో అధ్యాయం పౌలు గురించి చెబుతూ, ఏడుసార్లు సంకెళ్లలో పడ్డాడనీ, రాళ్ల దెబ్బలు తిన్నాడనీ, "పడమటి సరిహద్దు" వరకు వెళ్లాడనీ, పాలకుల ఎదుట సాక్ష్యమిచ్చి లోకం విడిచాడనీ అంటుంది. పౌలు చనిపోయి అప్పటికి సుమారు ముప్పై ఏళ్లే. ఆయన్ను కళ్లారా చూసిన ముసలివాళ్లు రోమాలో ఇంకా బతికి ఉండే కాలం అది.

మూడోది మురాటోరి శకలం. ఇది 85 వరుసల లాటిన్ జాబితా. మిలాన్‌లోని అంబ్రోసియన్ గ్రంథాలయంలో ఉన్న పాత ప్రతి నుంచి మురాటోరి అనే పండితుడు 1740లో అచ్చువేశాడు. లూకా తన కళ్లముందు జరిగినవే రాశాడనీ, అందుకే పేతురు మరణాన్నీ, పౌలు రోమా నుంచి స్పెయినుకు బయల్దేరడాన్నీ వదిలేశాడనీ అందులో ఉంది. ఈ జాబితా రెండో శతాబ్ది చివరిదని చాలామంది, నాలుగో శతాబ్దిదని కొందరు అంటారు.

తూర్పు ప్రయాణానికి ఆధారాలన్నీ తిమోతికి, తీతుకు రాసిన పత్రికల్లోనే ఉన్నాయి. వాటి సంగతి మరెవరైనా చెబితే బాగుంటుంది.

ప్రశ్నే_ముఖ్యం

వెళ్తాను అనడం వేరు, వెళ్లడం వేరు కదా అన్నా. కొరింథుకు వస్తానని చెప్పి రాలేకపోయినందుకు అక్కడివాళ్లు పౌలును తప్పుపట్టారు. రెండో కొరింథీయుల మొదటి అధ్యాయంలో ఆయనే దానికి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. రోమీయుల 15లోనే, యూదయలో తనకు ఆపద రాకుండా ప్రార్థించమని అడిగాడు. ఆ ఆపద వచ్చింది, యెరూషలేములో పట్టుబడ్డాడు, కైసరయలో రెండేళ్లు బందీగా ఉండిపోయాడు. స్పెయిను ఆలోచన కూడా అలాగే ఆగిపోయి ఉండొచ్చు.

క్లెమెంటు మాట కూడా పొగడ్త ధోరణిలో ఉంది. తూర్పున, పడమట ప్రకటించాడు, లోకమంతటికీ నీతిని బోధించాడు అంటున్నాడు. అలాంటి వాక్యంలో "పడమటి సరిహద్దు" అంటే రోమాయే కావచ్చు. యెరూషలేము నుంచి బయల్దేరిన మనిషికి రోమా పడమరే కదా. మురాటోరి జాబితా రాసినవాడు రోమీయుల పత్రిక చదివి, వెళ్లే ఉంటాడులే అని రాసుకున్నా ఆశ్చర్యం లేదు.

కృష్ణాతీరం

మురాటోరి విషయంలో మీ అనుమానాన్ని కాదనలేను. క్లెమెంటు విషయంలో మాత్రం ఒప్పుకోను. ఆ ఉత్తరం రాసినవాడు రోమాలో కూర్చుని రాశాడు. రోమాలో ఉన్నవాడు తన ఊరినే పడమటి అంచు అంటాడా? ఆనాటి భూగోళం రాసినవాళ్లకు పడమటి చివర అంటే హెర్క్యులిస్ స్తంభాలు, దాని పక్కన గాదెస్ రేవు, అంటే ఇప్పటి కాడిజ్. అది స్పెయినులో ఉంది.

ఏడు సంకెళ్ల మాట కూడా చూడండి. అపొస్తలుల కార్యముల్లో లెక్కపెడితే ఫిలిప్పీ, యెరూషలేము, కైసరయ, రోమా తప్ప వేరే చెరలు కనిపించవు. క్లెమెంటు ఆ పుస్తకం చూసి ఈ లెక్క చెప్పలేదు. పౌలు గురించి ఆయనకు తెలిసిన సంగతులు వేరే దారిలో అందాయి. అందుకే ఆ పడమటి సరిహద్దు మాటను నేను తేలిగ్గా తీసుకోలేను.

మన్యం_కాపరి

వందనాలు. తూర్పు సంగతి నేను చెబుతాను. ఈ పత్రికల మీద సంఘంలో ప్రసంగించినప్పుడల్లా నేను ముందు పౌలు తోటి ప్రయాణికుడైన త్రోఫిము దగ్గర ఆగుతాను.

రెండో తిమోతి 4:20లో పౌలు, త్రోఫిము జబ్బుపడితే అతన్ని మిలేతులో విడిచి వచ్చాను అంటాడు. మనకు తెలిసినంతలో పౌలు మిలేతుకు వెళ్లింది ఒక్కసారే, అపొస్తలుల కార్యములు 20లో, యెరూషలేముకు వెళ్తూ ఎఫెసు పెద్దలను పిలిపించుకున్నప్పుడు. ఆ ప్రయాణంలో త్రోఫిము ఉన్నాడు. కానీ మిలేతులో ఆగిపోలేదు. 21:29 చూడండి, యెరూషలేము పట్టణంలో పౌలుతో కలిసి తిరుగుతూ జనం కంటపడ్డాడు. యూదుడు కాని ఇతన్ని పౌలు దేవాలయంలోకి తీసుకొచ్చాడని అనుకునే అంత గొడవ చేశారు. మరి మిలేతులో జబ్బుతో ఉండిపోయింది ఎప్పుడు? ఇంకో ప్రయాణంలో అయ్యుండాలి. ఆ తర్వాత పౌలు సంకెళ్లలోనే ఉన్నాడు కాబట్టి, రోమా నుంచి విడుదలయ్యాకే అది సాధ్యం.

అదే వచనంలో ఎరస్తు కొరింథులో ఉండిపోయాడని ఉంది. కొరింథు నుంచి యెరూషలేము ప్రయాణంలో తిమోతి పౌలు వెంటే ఉన్నాడు (20:4). ఎరస్తు ఆగిపోతే తిమోతికి తెలియదా? ఏళ్ల తర్వాత ఉత్తరం రాసి చెప్పడం ఎందుకు?

ఇక క్రేతు. తీతును అక్కడ విడిచి వచ్చానని, ప్రతి పట్టణంలో పెద్దలను నియమించమని చెప్పానని తీతు 1:5లో ఉంది. అపొస్తలుల కార్యముల్లో పౌలు క్రేతును చూసింది ఖైదీగా ఓడ మీద, మంచిరేవుల దగ్గర గాలి కోసం ఎదురుచూస్తూ. శతాధిపతి కాపలాలో ఉన్నవాడు ద్వీపంలో ఊరూరా సంఘాలు కట్టడం జరిగే పనేనా? పైగా ఆ ప్రయాణంలో తీతు పేరే లేదు. తీతు 3:12లో చలికాలం నికొపొలిలో గడపాలని నిర్ణయించుకున్నాను, నువ్వు అక్కడికి రా అంటాడు. చలికాలం ఎక్కడ గడపాలో తానే నిర్ణయించుకునే మనిషి ఖైదీ కాదు.

చెరలో ఉండగానే ఫిలేమోనుకు రాస్తూ తనకు బస సిద్ధం చేయమన్నాడు. ఫిలిప్పీయులకు త్వరలో వస్తానని నమ్ముతున్నానన్నాడు. రోమా నుంచే ఈ పత్రికలు రాసి ఉంటే, విడుదలై తూర్పుకు రావాలనే ఆయన మనసులో ఉంది.

ప్రశ్నే_ముఖ్యం

అయ్యగారూ, త్రోఫిము వాదన నేను ఇంత స్పష్టంగా ఎక్కడా వినలేదు, థాంక్స్. కానీ మూల ప్రశ్న ఒకటి మిగిలే ఉంది. తిమోతికి రెండు, తీతుకు ఒకటి, ఈ మూడు పత్రికలు పౌలే రాశాడా అన్నది. 1807లో జర్మన్ పండితుడు ష్లైర్మాకర్ మొదటి తిమోతి మీద సందేహం లేవనెత్తినప్పటి నుంచీ ఈ చర్చ నడుస్తోంది. ఇవాళ విశ్వవిద్యాలయాల్లో పనిచేసే పండితుల్లో ఎక్కువమంది వీటిని పౌలు శిష్యుల తరంవాళ్లు ఆయన పేరు మీద రాశారనే అంటారు. మాటల వాడుక వేరు, సంఘ నిర్మాణం తర్వాతి కాలపుదిలా ఉంది అన్నవి వాళ్ల కారణాలు. అదే నిజమైతే క్రేతు, నికొపొలి కూడా కథనంలో భాగమే అవుతాయి.

ఇంకో చిక్కు. మిలేతులో ఎఫెసు పెద్దలతో పౌలు "మీరు ఇక నా ముఖం చూడరు" అన్నాడు. వాళ్లు మెడ మీద పడి ఏడ్చారు. ఆయన తర్వాత మళ్లీ అదే తీరానికి వచ్చి ఉంటే, లూకా ఆ మాటను అంత బరువుగా ఎందుకు రాస్తాడు?

మన్యం_కాపరి

ఆ సందేహం నాకు కొత్త కాదు బ్రదర్, బైబిలు కళాశాలలోనే దీనితో కుస్తీ పట్టాం. నా మాట నేను చెబుతాను. ఎవరో పౌలు పేరుతో కల్పించి రాస్తుంటే, అప్పటికే పేరున్న ప్రయాణాల్లో ఇమిడేలా రాసుకుంటాడు. ఎక్కడా ఇమడని త్రోఫిము జబ్బునూ, త్రోయలో కర్పు ఇంట్లో మర్చిపోయిన అంగీనీ తెచ్చి పెట్టుకోడు. ఆ అంగీ, పుస్తకాలు, ముఖ్యంగా చర్మపు కాగితాలు తెమ్మని, చలికాలం రాకముందే రమ్మని అడగడంలో నాకు చలికి వణికే ఒక ముసలి ఖైదీ కనిపిస్తాడు. అందరూ ఇలాగే అనుకోవాలని నేననను, పండితుల్లో రెండో తిమోతిని మాత్రం పౌలుదే అని ఒప్పుకునేవారు కూడా ఉన్నారు.

ముఖం చూడరు అన్న మాటకు వస్తే, పౌలు తనకు ఏం జరుగుతుందో తెలియదని అదే ప్రసంగంలో ముందే చెప్పాడు (20:22). అది ఆ రోజు ఆయన గుండెలోంచి వచ్చిన మాట. అయినా మీరు ఎత్తిచూపిన చిక్కు చిన్నది కాదు.

బార్సిలోనా_తెలుగమ్మాయి

నేను ఉద్యోగరీత్యా బార్సిలోనాలో ఉంటాను. ఇక్కడి నుంచి తర్రగోనా రైల్లో గంటా గంటన్నర దూరం. పాత పేరు తర్రాకో, రోమన్ల కాలంలో ఆ రాష్ట్రానికి రాజధాని. పౌలు స్పెయినులో దిగింది ఇక్కడే అని ఊళ్లో అందరూ చెబుతారు. సెమినరీ ఆవరణలో ఒక బండ మీద 13వ శతాబ్దపు చిన్న రాతి గుడి ఉంది, పౌలు పేరు మీద. ఆ బండ మీద నిలబడే ఆయన బోధించాడని నమ్మకం. కెథీడ్రల్ తెక్లా పేరు మీద ఉంది. ఈకొనియలో పౌలు బోధ విని ఆయన వెంట నడిచిందని కథలో చెప్పే ఆ తెక్లానే. 1321లో ఆమె చేతి అవశేషాన్ని అర్మేనియా నుంచి తెచ్చారు. 2008-2009లో పోపు 16వ బెనెడిక్టు ప్రకటించిన పౌలు సంవత్సరంలో ఇక్కడ పెద్ద ఉత్సవాలు చేశారట.

సముద్రం ఒడ్డునే రోమన్ల ఆంఫిథియేటర్ ఉంది. ఎత్తు మీద నిలబడితే మెట్ల వరుసల వెనకే నీళ్లు కనిపిస్తాయి. 259లో ఆ ఊరి బిషప్పు ఫ్రుక్తువోసును, ఇద్దరు డీకన్లను అందులోనే సజీవంగా కాల్చారు. అక్కడ నిలబడి నేను అనుకున్నదేంటంటే, ఫ్రుక్తువోసు గురించి అంత పాత, నమ్మదగిన రాత ఉంది కదా, మరి పౌలు గురించి ఊరివాళ్ల పాత జ్ఞాపకం ఏదీ ఎందుకు లేదు? రాతి గుడి, అవశేషం అన్నీ వెయ్యేళ్ల తర్వాతవే. కృష్ణాతీరం గారూ, దీనికి మీరేమంటారు?

కృష్ణాతీరం

అమ్మా, స్పెయిను వాదానికి ఉన్న అతి పెద్ద బలహీనతను పట్టుకున్నారు. సుమారు 180లో గాలులోని లియోను బిషప్పు ఇరేనియస్ స్పెయినులో సంఘాలున్నాయని ఒక్క మాట అంటాడు. 254 ప్రాంతంలో కార్తేజు బిషప్పు సిప్రియన్ లెయోన్-అస్తోర్గా, మెరిదా సంఘాలకు రాసిన ఉత్తరం ఉంది. ఈ రెండింటిలోనూ పౌలు ఊసు లేదు. ఆయన స్థాపించిన సంఘం ఒక్కటైనా నిలిచి ఉంటే ఆ గొప్ప చెప్పుకోకుండా ఉంటారా? కొరింథు, ఫిలిప్పీ చెప్పుకున్నాయి కదా.

నా అభిప్రాయం ఇది. వెళ్లాడు, ఎక్కువ కాలం ఉండలేదు, పని అంతగా పండలేదు. దానికి కారణాలు కనిపిస్తూనే ఉన్నాయి. పౌలు ఎక్కడికి వెళ్లినా ముందు సమాజమందిరంలో అడుగుపెట్టేవాడు, గ్రీకులో మాట్లాడేవాడు. ఆ కాలంలో స్పెయినులో యూదుల వలసలు ఉన్నాయనడానికి గట్టి ఆధారం లేదు. రేవు పట్టణాల్లో లాటిన్, లోపలి ఊళ్లలో స్థానిక భాషలు. రోమా సంఘం నుంచి సాయం, తోడు కావాలని ఆయన ముందే అడిగింది ఇందుకేనని పండితులు అంటారు.

ఇంకో సంగతి. కొరింథులో పౌలు మీద కేసు కొట్టేసిన గల్లియోను గుర్తున్నాడా? ఆయన, ఆయన తమ్ముడు తత్వవేత్త సెనెకా ఇద్దరూ స్పెయినులోని కొర్దూబాలో పుట్టినవాళ్లే. స్పెయిను ఆనాడు మారుమూల అడవేం కాదు, రోమాకు అధికారులనూ రచయితలనూ అందించిన సంపన్న ప్రాంతం. పౌలు చూపు అటు పడిందంటే అర్థముంది.

ఉప్పాడ_కెరటం

చర్చ మధ్యలో వస్తున్నాను, ఏమనుకోవద్దు. మా వాట్సాప్ గ్రూపులో "బైబిలు నుంచి తీసేసిన అపొస్తలుల కార్యములు 29వ అధ్యాయం" అని ఒకటి తిరుగుతోంది. పౌలు స్పెయిను నుంచి బ్రిటన్ వెళ్లి, లండన్‌లో లడ్‌గేట్ కొండ మీద బోధించాడని ఉంది. ఇంట్లో పెద్దవాళ్లు నిజమే అనుకుంటున్నారు. ఇది నమ్మొచ్చా?

కృష్ణాతీరం

నమ్మకండి. అది 1871లో లండన్‌లో అచ్చయింది. సొన్నిని అనే ఫ్రెంచి యాత్రికుడికి కాన్‌స్టాంటినోపుల్‌లో దొరికిన గ్రీకు ప్రతికి అనువాదం అని చెప్పుకొన్నారు. ఆ గ్రీకు ప్రతిని ఇంతవరకు ఎవరూ చూడలేదు. పురాతన రచయితల్లో ఒక్కడు కూడా ఆ అధ్యాయాన్ని ఎత్తలేదు. బైబిలు నుంచి తీసేయడానికి అది బైబిల్లో ఎన్నడూ లేదు. ఇంట్లోవాళ్లకు నిదానంగా చెప్పండి, వాళ్ల ఆసక్తి మంచిదే.

పాత కాలంలోనే పౌలు మీద ప్రేమతో కథలు అల్లినవాళ్లు ఉన్నారు. తెక్లా కథ ఉన్న "పౌలు కార్యములు" రాసిన ఆసియా ప్రాంతపు ఒక పెద్ద, పౌలు మీద ప్రేమతోనే రాశానని ఒప్పుకున్నాడనీ, ఆయన్ను పదవి నుంచి దించారనీ కార్తేజు క్రైస్తవ రచయిత తెర్తుల్లియన్ రాశాడు. రెండో శతాబ్ది చివరి "పేతురు కార్యములు"లో, స్పెయిను వాళ్లకు వైద్యుడివి కమ్మని పౌలుకు దర్శనం కలగడం, రోమాలోని విశ్వాసులు ఆయన్ను సాగనంపడం ఉన్నాయి. అది కథే. అయితే ఆ రోజుల్లో స్పెయిను ప్రయాణాన్ని అందరూ జరిగిన సంగతిగానే చెప్పుకునేవారని దాన్ని బట్టి తెలుస్తుంది.

సండేస్కూల్_టీచర్

ఇంత వివరంగా రాస్తారనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక్క డౌట్. ఇవన్నీ నిజమే అనుకున్నా, అంత టైమ్ ఉందా? రోమాలో రెండేళ్లు, తర్వాత స్పెయిను, క్రేతు, ఎఫెసు, మాసిదోనియ, నికొపొలి, త్రోయ, మిలేతు, కొరింథు, మళ్లీ రోమా. ఆ వయసులో, ఆ ఓడల్లో!

కృష్ణాతీరం

లెక్క వేద్దాం. పౌలు రోమా చేరింది 60 లేదా 61లో. రెండేళ్లు కలిపితే 62 లేదా 63. రోమా తగలబడింది 64 జులైలో, నీరో చచ్చింది 68 జూన్‌లో. మరణం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉండాలి.

సముద్రం మీద స్పెయిను మనం అనుకున్నంత దూరం కాదు. గాలి అనుకూలిస్తే ఒస్తియా రేవు నుంచి ఇవతలి స్పెయినుకు నాలుగు రోజులు, గాదెస్‌కు ఏడు రోజులు అని ఆ శతాబ్దపు రోమన్ రచయిత పెద్ద ప్లినీ రాశాడు. మామూలు ఓడకు రెట్టింపు పట్టినా, వసంతంలో వెళ్లి కొన్ని నెలలు ఉండి, సముద్రం మూతపడే లోపు తిరిగి రావచ్చు. నవంబరు నుంచి మార్చి దాకా ఓడలు దాదాపు ఆగిపోయేవి. నికొపొలిలో చలికాలం గడపడం, చలికాలం రాకముందే రమ్మని తిమోతిని తొందరపెట్టడం, రెండూ ఈ లెక్కలోవే.

పత్రికల ప్రకారం తూర్పుకు కనీసం ఒక ఎండాకాలం, నికొపొలిలో ఒక చలికాలం, మళ్లీ ఒక ఎండాకాలం కావాలి. స్పెయిను కూడా కలిపితే రెండున్నరేళ్లకు పైగా అవుతుంది. 64లోనే చంపేశారంటే ఇవన్నీ పట్టవు, ఏదో ఒకటి వదులుకోవాలి. బైబిలును లాటిన్‌లోకి అనువదించిన జెరోమ్ చెప్పినట్టు నీరో 14వ ఏట, అంటే 67-68లో అనుకుంటే అన్నీ సర్దుకుంటాయి.

నాలుగో శతాబ్ది చివర ప్రసంగీకుడు క్రిసొస్తొమ్ చెప్పింది కూడా చూడండి. రోమా తర్వాత పౌలు స్పెయిను వెళ్లాడు, అక్కడి నుంచి మళ్లీ ఈ తూర్పు ప్రాంతాలకు వచ్చాడో లేదో మనకు తెలియదు అంటాడు. పత్రికలన్నీ పౌలువే అని నమ్మిన మనిషే ఆ వరుస విషయంలో అంత జాగ్రత్తగా మాట్లాడాడు.

మన్యం_కాపరి

రెండు చెరల మధ్య తేడా పిల్లలకు చూపించండి టీచరమ్మా. మొదటిసారి అద్దె ఇల్లు, తలుపు తీసే ఉంది, ఎవరైనా రావచ్చు. పైగా యూదయ నుంచి ఆయన మీద ఉత్తరం గానీ ఫిర్యాదు గానీ రాలేదని రోమాలోని యూదులే చెప్పారు (28:21). ఫేస్తు, అగ్రిప్ప కూడా ఆయన్ను విడుదల చేయదగ్గవాడే అన్నారు. అలాంటి కేసు నిలవదు.

రెండో తిమోతిలో పరిస్థితి మారిపోయింది. ఒనేసిఫోరు రోమాకు వచ్చి, శ్రద్ధగా వెతికితే గానీ పౌలు దొరకలేదు. దేమా వదిలేసి థెస్సలొనీక వెళ్లిపోయాడు. మొదటి విచారణలో ఎవరూ పక్కన నిలబడలేదు. లూకా ఒక్కడే ఉన్నాడు. నాలుగో శతాబ్ది సంఘ చరిత్రకారుడు యూసేబియస్ కూడా ఈ పత్రిక ఆధారంగానే, మొదటిసారి విడుదలై ప్రకటనకు వెళ్లాడు, రెండోసారి వచ్చినప్పుడు హతసాక్షి అయ్యాడు అని రాశాడు.

ప్రశ్నే_ముఖ్యం

అద్దె ఇంటికీ ఈ చెరకూ ఉన్న తేడా ఆలోచించదగ్గదే అయ్యగారూ. పత్రిక ఎవరు రాసినా, రాసినవాడు రెండు చెరలు ఉన్నాయనే అనుకున్నాడని ఒప్పుకుంటాను. స్పెయిను విషయంలో క్లెమెంటు మాట దగ్గరే నేను ఇంకా ఆగి ఉన్నాను, అవుననీ కాదనీ అనను. మరణం రోమాలోనే అన్నదానికైనా గట్టి ఆధారం ఉందా?

కృష్ణాతీరం

ఉంది. సుమారు 200లో గాయస్ అనే రోమా సంఘపు పెద్ద, కావాలంటే వతికాను దగ్గర, ఒస్తియా దారిలో అపొస్తలుల గుర్తులను చూపిస్తాను రమ్మని వాదించాడు. ఒస్తియా దారిలో ఉన్నది పౌలు సమాధి. దాని మీదే గోడల అవతలి పౌలు బసిలికా కట్టారు. అక్కడి పలక మీద "పౌలో అపొస్తొలో మార్త్" అని లాటిన్‌లో చెక్కి ఉంది, అంటే "హతసాక్షి అయిన అపొస్తలుడు పౌలుకు" అని. కింద ఉన్న రాతి శవపేటికను బయటపెట్టినట్టు 2006 డిసెంబరులో ప్రకటించారు. తర్వాత చిన్న రంధ్రం చేసి లోపల చూస్తే ఊదారంగు నార బట్ట, బంగారు తీగ, సాంబ్రాణి గింజలు, ఎముక ముక్కలు కనిపించాయి. ఆ ఎముకలు ఒకటో రెండో శతాబ్దానివని పరీక్షలో తేలినట్టు 2009 జూన్ 28న పోపు ప్రకటించారు. అవి పౌలువే అని పరీక్ష చెప్పలేదు, కాలం మాత్రం సరిపోయింది.

సండేస్కూల్_టీచర్

ఈ ఆదివారం త్రోఫిముతో మొదలుపెడతాను. 20:4, 21:29, రెండో తిమోతి 4:20 మూడూ పిల్లల చేతే చదివించి, మిలేతులో ఎప్పుడు ఆగాడో వాళ్లనే చెప్పమంటాను. స్పెయినుకు రోమీయుల 15 చదివించి, క్లెమెంటు మాట నేను చెబుతాను. తీతు పత్రిక మీద ప్రశ్నలు వస్తే ఇక్కడే అడుగుతాను.